మెట్ల కింద గోడ

మొన్న అలియాబాద్ దగ్గర ఒక ఫంక్షన్ హాలుకు పెళ్ళికి పోయాను. దాన్ని అచ్చం పాత గడీలా కట్టారు. పెద్ద కమాను, తలుపులకు ఇత్తడి బొడిపెలు, గోడలకు వెలిసిన సున్నం రంగు. భోజనం చేసి చేతులు కడుక్కుని వస్తూ, అలవాటు చొప్పున వేలి కణుపుతో గోడను తట్టాను. డొల్లగా మోగింది. ప్లైవుడ్ మీద రంగు! పక్కనున్న మా అల్లుడు "ఏంది మామా, గోడను గూడ నమ్మవా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ చప్పుడు వినగానే నాకు జానకమ్మ గారు గుర్తొచ్చారు. గోడను తట్టి చూడటం నాకు నేర్పింది ఆమే. మనిషి మాటను తట్టి చూడటం కూడా ఆమే నేర్పారు. అది నేర్చుకోవడానికి మాత్రం నేను చాలా మొండికేశాను.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. శామీర్‌పేట దాటి లోపలికి పోతే మా ఊరు, ఊరి నడుమ కోటలాంటి దొరల గడీ. తొంభైల చివర్లో దొర మనవడు దాన్ని మ్యూజియం చేయమని ఒక ట్రస్టు చేతిలో పెట్టాడు. ఊరంతా అతన్ని చిన్నదొర అనేవాళ్ళు. చుట్టూ ఉన్న తన భూములు ప్లాట్లవుతున్నాయి, గడీకి పేరొస్తే ప్లాట్లకూ పేరొస్తుందని అతని ఎత్తు. ఇది నా అనుమానం. ఇప్పటికీ పోలేదు. ట్రస్టు తరఫున మరమ్మతులు చూడటానికి, వచ్చేవాళ్ళకు ఏం చూపాలో ఎట్లా చూపాలో నిర్ణయించడానికి సికింద్రాబాద్ నుంచి వచ్చిన మనిషి జానకమ్మ గారు. నూలు చీర, కాళ్ళకు కాన్వాసు బూట్లు, నడుముకు చెక్కిన కొంగు, గోళ్ళలో ఎప్పుడూ సున్నం. నేనప్పుడు జీడిమెట్లలో ఫ్యాక్టరీ మూతపడి ఇంటి దగ్గరున్నాను. బడి మొహం చూడనివాణ్ణి. బస్సు బోర్డులూ పొట్లాల కాయితాలూ చదివి చదువు నేర్చుకున్నవాణ్ణి. ఊరి సంగతులన్నీ నోటికి వచ్చు గనక నన్ను గైడుగా పెట్టుకున్నారు.

మొదటి రోజే ఆమె నన్ను "మల్లేశం గారూ" అన్నారు. ఆ గడీ లోపల మా ఇంటి మనిషిని గారూ అని పిలిచిన మొదటి గొంతు అది. సంతోషపడాలి కదా? నేను అనుమానపడ్డాను. ఇంత మర్యాద ఊరికే ఎవరిస్తారు, నాతో ఏదో పని ఉండి ఉంటుంది అనుకున్నాను.

మా నాయిన ఆ గడీకి వెట్టి చేసినవాడు. ఒక కోతల కాలంలో, ముందు నా చేను కోసుకుని వస్తానన్నందుకు, మూడు రోజులు లోపలేసి తలుపు పెట్టారు. నాకు పదేళ్ళప్పుడే ఆయన పోయాడు. గైడునయ్యాక నేను వచ్చినవాళ్ళకు వరండా, దర్బారు గది చూపించి, చివరికి వెనకనున్న చీకటి కొట్టుకు తీసుకుపోయేవాణ్ణి. "గిదే గది. మా నాయినను మూడు దినాలు గీడనే ఏసిండ్రు" అని తలుపు సగం మూసేవాణ్ణి. బడిపిల్లలు బిక్కచచ్చిపోయేవాళ్ళు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ క్షణం కోసమే నేను పొద్దున లేచేవాణ్ణంటే అబద్ధం కాదు.

ఒకరోజు జానకమ్మ గారు గుంపు వెనకాల నిలబడి విన్నారు. అందరూ పోయాక ఆ కొట్టు గోడలను కణుపుతో తట్టుకుంటూ ఒక చుట్టు తిరిగారు.

"ఈ గదేనని మీకెవరు చెప్పారు?"

"ఎవరు జెప్పుడేంది మేడం? మా నాయిన జెప్పిండు."

"ఈ గది అన్నారా, ఒక గది అన్నారా?"

నాకు ఒళ్ళు మండింది. "మీకు కాయితం గావాల్నా? మూడు దినాలు ఏసినమని దొరలు మా నాయినకు చీటీ రాసియ్యలే."

ఆమెకు కోపం రాలేదు. "కాయితాన్నీ నేను నమ్మను. మీ నాయిన అన్న మాటను ఆయన అన్నట్టే చెప్పండి. మీరు కలిపింది తీసేసి."

నేను కలిపింది! నా నాయిన కష్టానికి నేను కలిపింది! బయటికి వచ్చేశాను. ఊళ్ళో ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. వారం రోజులు ఆమెతో ముక్తసరిగా మాట్లాడాను.

అదే సమయంలో గడీ పండుగ అని ఒకటి పెట్టారు. రెండు రోజుల జాతర లాంటిది. పాటగాళ్ళు, వంటకాల దుకాణాలు, నగరం నుంచి పెద్దపెద్ద అతిథులు. ఏర్పాట్లు చూడటానికి చిన్నదొర రోజూ జీపులో దిగేవాడు. ఒకనాడు జానకమ్మ గారి ముందే నన్ను పట్టుకున్నాడు.

"ఏం మల్లిగా, వడ్ల కొట్టును జైలు జేసినవట? మా తాతను మస్తు బద్నాం జేస్తున్నవ్. గా కొట్ల మిద్దె దాకా వడ్ల బస్తాలున్న ఫోటో నా కాడున్నది, ఎర్కేనా? పండుగనాడు గీ కథ షురూ జేసినవనుకో, ఇగ నువ్వు గేటు బయటనే."

ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. పైగా ఆ సాయంత్రం అతని జీపే ఎక్కి మేడ్చల్‌లో ఉన్న దొరల ఇంటికి పోయారు. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. అయిపోయింది, ఈమె కూడా వాళ్ళ మనిషే అనుకున్నాను. నా ఉద్యోగం సంగతి వేరు, నాయిన మాట ఆ గడీలోంచి మళ్ళీ బయటికి గెంటబడుతుందే అని రాత్రంతా నిద్ర పట్టలేదు.

పొద్దున పెరట్లో గానుగలో సున్నం నూరుతున్నారు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి నూరే సున్నం. ఆమె గుప్పిట్లో తీసి పదును చూస్తూ నన్ను పిలిచారు.

"జీపెక్కి ఎక్కడికి పోయానో అడగరేం?"

"పెద్దోళ్ళ ముచ్చట్లు మాకెందుకు మేడం."

"ఫోటో చూడటానికి పోయాను. వడ్ల ఫోటో నిజమే. మీరు ఆ కొట్లో నిలబడి చెప్పినన్నాళ్ళూ, ఆయన ఆ ఒక్క ఫోటో చూపించి మీ నాయిన మొత్తాన్నీ అబద్ధం చేసెయ్యగలడు. అందుకే అడిగాను. ఇప్పుడైనా చెప్పండి, ఆయన అన్నట్టే."

చెప్పాను. "కాళ్ళు సాపనీకె జాగ లేకుండెనట. ఆళ్ళు నెత్తిమీదికెల్లి దిగుతుంటె మన్ను కండ్లల్ల రాలుతుండెనట."

"దిగుతుంటే అన్నారా, నడుస్తుంటే అన్నారా?"

"దిగుతుంటెనే అన్నడు."

"మీరు చూపించే కొట్టు మీద ఏముంది? ఉత్త మిద్దె. దిగడానికి మెట్లేవి?"

నేను రెండేళ్ళుగా వందలమందికి చెప్పిన మాట అది. ఒక్కసారి కూడా నేను వినలేదు. అన్నిటికంటే చీకటిగా ఉన్న గది గనక అదే అయి ఉంటుందని నేనే తేల్చేశాను. కాళ్ళు చాపుకోవడానికి ఆ కొట్లో బోలెడంత జాగా! పదిమందిని నిలబెట్టి కథ చెప్పేవాణ్ణి కదా.

ఆమె చేతులు కడుక్కుని దర్బారు గదిలోకి నడిచారు. పై అంతస్తుకు పోయే టేకు మెట్లు అక్కడే. మెట్ల కింద గోడకు ఒక నిలువుటద్దం ఉండేది. అద్దాన్ని పక్కకు జరిపించి గోడను తట్టారు. డొల్ల. చెంబుతో నీళ్ళు తెప్పించి పక్క గోడ మీద చల్లారు. సున్నం గోడ గటగటా తాగేసింది. మెట్ల కింద గోడ మీద చల్లితే నీళ్ళు చారలు కట్టి కిందికి జారిపోయాయి.

"సిమెంటు. గడీ మొత్తంలో ఇక్కడొక్కచోటే" అన్నారు. మేడ్చల్‌లో ఆమె చూసిన దొరల ఆల్బంలో ఒక పెళ్ళి ఫోటో ఉందట. పెళ్ళికొడుకు ఈ మెట్ల ముందు నిలబడ్డాడు, అతని మోకాళ్ళ వెనకాల ఒక పొట్టి తలుపు, బయట గొళ్ళెం.

"మరి గిది మూసిందెవరు మేడం? గీ చిన్నదొరనే గద?" అన్నాను.

"మూస్తుంటే మీరు చూశారా? నేనూ చూడలేదు" అన్నారు. అంతటి సమయంలో కూడా!

పాత కట్టడంలో సిమెంటు ఎక్కడున్నా తీసెయ్యాలని ట్రస్టు ఒప్పందంలో ఉంది. దాని మీద చిన్నదొర సంతకం ఉంది. ఆమె ఎవరినీ అడగలేదు. మేస్త్రీని పిలిచి సుత్తి వేయించారు. కొత్త ఇటుకలు రాలాయి. మనిషి పట్టేంత కంత పడగానే "మల్లేశం గారూ, లోపల కూర్చుంటారా?" అన్నారు. పాక్కుంటూ పోయి కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

చిన్నదొర అప్పుడు పైన లైట్లు కట్టిస్తున్నాడు. సుత్తి చప్పుడు విని "ఎవడ్రా గోడ పలగ్గొట్టేది?" అని అరుస్తూ దబదబా మెట్లు దిగాడు. చెక్కల సందుల్లోంచి మన్ను నా కళ్ళల్లో రాలింది. నేను తుడుచుకోలేదు.

"గిది సామాన్ల అర్ర మేడం!" అంటున్నాడు బయట.

"కావచ్చు. కానీ మీరు దిగితే లోపల ఏమవుతుందో మేమిప్పుడే చూశాం" అన్నారామె.

పండుగకు వచ్చినవాళ్ళంతా ఆ కంతను చూశారు, ఫోటోలు తీసుకున్నారు. ఇక మళ్ళీ మూయడం ఎవరి వల్లా కాలేదు. రెండు నెలలకు జానకమ్మ గారి పని అయిపోయిందని ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది. పెరటి గోడలు సగంలో ఉండగా పని ఎట్లా అయిపోయింది? అడిగితే చెప్పే నాథుడు లేడు. నేను మాత్రం ఇంకా చాలా ఏళ్ళు గైడుగా ఉన్నాను. ఆ మెట్ల దగ్గర రెండే మాటలు చెప్పేవాణ్ణి. మా నాయిన అన్నది ఇది, నేను కళ్ళారా చూసింది ఇది. తలుపు మూయడాలు మానేశాను. మునుపటంత ఏడ్చేవాళ్ళు లేరు. కాదని అనేవాళ్ళూ లేరు.

ఇది రాస్తుంటే, మీ నాయిన మాట నిజమే మల్లేశం గారూ అని ఆమె నాతో అన్నట్టు రాయాలని చెయ్యి లాగింది. మా మనవలకు కొన్నాళ్ళు అట్లాగే చెప్పాను కూడా. ఇప్పుడు తట్టి చూశాను. ఆమె అనలేదు. నేను ఆ కంతలోంచి పాక్కుంటూ బయటికి వస్తుంటే, పై చెక్క తగలకుండా నా నెత్తికి చెయ్యి అడ్డం పెట్టి, ఆమె అన్నది ఒక్కటే.

"తల జాగ్రత్త."