ముస్రత్‌కు ఏమీ రాదు

ముస్రత్‌ను చూస్తే నాకు కడుపుమంట. దాపరికమెందుకు, ఉన్నమాట సెప్పేస్తాండాను.

ఎమ్మిగనూరులో పరుపులు కుట్టే మక్బూల్ కూతురు అది. ఆదోనిలో డిగ్రీ మొదటి సంవత్సరం నా పక్కన వచ్చి కూర్చునింది. ఎమ్మే దాకా అదే జత. పరీక్ష రోజు పొద్దున దాని పాట ఒకటే: "నాకేం రాదు శ్రీనిధీ, ఏమీ సదవలేదు." అయ్యో పాపం అని నేను కూర్చోబెట్టి సెప్పేదాన్ని. ఫలితాలొస్తే ఫస్టు అదీ, సెకండు నేనూ. ఒకసారైతే సర్లే అనుకోవచ్చు. ప్రతిసారీనా! మంత్రాలయంలో పిల్లోళ్లకు పాఠాలు చెప్పే మా నాయన శ్రీపాదరావు కూడా "ఆ పిల్లను చూసి నేర్చుకో" అనేవాడు. ఏం నేర్చుకోవల్ల, అబద్ధాలా?

బగారన్నం వండినా అంతే. "ఉప్పు కుదర్లేదే" అంటుంది, మనమేమో వేళ్లు నాక్కుంటాంటాం.

పోయిన జూన్‌లో ఆదోనిలోని ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ ఉద్యోగం పడింది. ఒకే ఒకటి. కౌతాళం బడిలో పాఠాలు చెప్పేదానికి రోజూ బస్సులో నిలబడి పోయి వచ్చి నా కాళ్లు పడిపోతాండాయి, ఆ ఉద్యోగం నాకు రావల్ల. అప్లికేషన్ పెట్టి వస్తాంటే గేటు దగ్గర ఎవరు? ఇంకెవరు! "ఊరికే పెడతాండానే, నాకెవరిస్తారు?" అనింది.

ఇద్దరికీ డెమో క్లాసు, ఒకటే పాఠం: పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవులందరూ వాడుకున్న పద్ధతులు.

నాది ముందు. అదరగొట్టినాను, నాకేం మొహమాటం లేదు. కావ్యాన్ని వసంతకాలంతో మొదలుపెట్టడం, కవి నిద్రపోయి కల కని, ఆ కలనే కథగా చెప్పడం, ఒకే శబ్దంతో మొదలయ్యే మాటలను వరసగా పేర్చడం, అన్నీ చెప్పినాను. చివరిది ఒకటి మిగిలింది. ఎంత గొప్ప కవైనా ముందుగా "నేను మందబుద్ధిని, నాకు మాటలు చేతకావు" అని ఏడ్చి గానీ కథ మొదలుపెట్టడు. ఆ మాట అంటాంటే వెనక బెంచీలో తన వంతు కోసం కూర్చున్న ముస్రత్ కనపడింది. నా నోరు ఊరకుంటుందా?

"ఇట్లాంటి కవులు మన ఎమ్మిగనూరులోనూ ఉండారు. ఏమీ రాదంటారు, ఫస్టు కొట్టేస్తారు!"

క్లాసంతా గొల్లుమనింది. ముస్రత్ తల దించుకునింది. నా కడుపు సల్లగయింది.

ముందు వరసలో హెప్సిబా అనే పిల్ల చెయ్యెత్తింది. "ఎందుకు మేడం అట్ల సెప్పుకునేది?"

"ఎందుకేముంది? దొంగ వినయం. మనం పొగడాలని."

ఆ పిల్ల తృప్తిపడకనే కూర్చునింది.

తర్వాత ముస్రత్ లేచి, అలవాటు చొప్పున "నాకు అంతగా రాదు పిల్లలూ" అనేసింది. మళ్లీ గొల్లున నవ్వులు. దానికీ నవ్వొచ్చింది! నవ్వుకుంటానే, "మీకు రాత్రి వచ్చిన కలలు సెప్పండి" అని అడిగింది. ఒక్కొక్కరే లేచి సెప్తాంటే, ఆ కలలతోనే పాఠమంతా నడిపించింది. బెల్లు కొట్టినా ఒక్కరూ కదల్లేదు. సాయంత్రానికి ఉద్యోగం దానిది.

ఆదివారం డబ్బా నిండా బొరుగులతో ఒగ్గాణి చేసుకుని మా ఇంటికొచ్చింది. మూత తీస్తా "సరిగ్గా కుదర్లేదే" అనింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇంకొకసారి ఆ మాటన్నావంటే డబ్బా వీధిలోకి విసిరేస్తా! ఎవరు నేర్పించినారే నీకు ఈ దొంగ వినయం?"

"మా అమ్మ."

"మహమూదా బీ పిన్నమ్మా?"

"ఊ. వచ్చు అని సెప్పుకుంటే దిష్టి తగులుతుందంట. వచ్చినా రాదనే సెప్పమనింది."

"ఎవరి దిష్టి?"

అది డబ్బా మూత తిప్పుతా కూర్చునింది. నేను వదల్లేదు. "సెప్పవే, ఎవరి దిష్టి?"

"డిగ్రీలో చేరిన కొత్తలో నువ్వు మా ఇంటికి వచ్చినావు గదా," అనింది మెల్లగా. "నువ్వు అట్ల పోయినాక సెప్పింది."

అంటే, నా దిష్టే! ఆ కవులందరి పక్క బెంచీలోనూ ఒక శ్రీనిధి ఉండే ఉంటుంది. హెప్సిబాకు చెప్పాల్సిన జవాబు అదీ.

"తినే, సల్లారిపోతాంది" అనింది ముస్రత్.

తిన్నాను. అబ్బ, ఎంత బాగుందో!

"ఉప్పు తక్కువైంది" అన్నాను.