శాస్త్రిగారి పటికబెల్లం మేం తినేశాం

నోరిచ్చిన స్వామికి నమస్కారం. ఆ నోరు ఎక్కడ మూసుకోవాలో చెప్పడానికి పెద్దల్నీ పురాణాల్నీ ఇచ్చిన స్వామికి మరో నమస్కారం. అన్నీ విని కూడా బుద్ధి తెచ్చుకోని నాలాంటివాడి కోసం ప్రత్యేకంగా ఒక అత్తగారిని ఇచ్చిన ఆ శ్రీమన్నారాయణుడికి సాష్టాంగ నమస్కారం.

ఇక నా పరువు ఎలా పోయిందో చెబుతాను. ఒక్కసారిగా పోలేదు. సప్తాహంలాగా ఏడు రోజులు, పద్ధతిగా, రోజుకో అధ్యాయం చొప్పున పోయింది.

అప్పటికి మాకు పెళ్ళై ఏడేళ్ళు. మా పండుకి ఐదేళ్ళు, బుజ్జికి మూడు. యూసుఫ్‌గూడలో రెండు గదుల ఫ్లాట్. నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక ఎడిటింగ్ గదిలో సహాయకుణ్ణి. ఎవరెవరివో ప్రేమ సన్నివేశాలు కత్తిరించి అతికించడం నా పని. మా ఆవిడ వసంత డబ్బింగ్ చెబుతుంది. చిన్నపిల్లల గొంతులు ఆమె ప్రత్యేకత. పగలంతా స్టూడియోలో తెరమీది పిల్లల ఏడుపులు ఏడ్చి, సాయంత్రం ఇంటికొచ్చి సొంత పిల్లల ఏడుపులు వినేది. ఇక మా దాంపత్య సంభాషణ అంతా రెండు వాక్యాలకు వచ్చి ఆగింది. "పాలు పొంగుతున్నాయి" ఒకటి, "వాడి నోట్లో ఏముందో చూడండి" రెండోది.

మధ్యలో అప్పుడప్పుడు వసంత, "ఏమండీ, మీకొకటి చెప్పాలి" అని మొదలుపెట్టేది. అంతే, ఎవరో ఒకరు మంచం మీంచి దబ్బున పడేవారు. ఆర్నెల్లుగా ఆ ఒకటి ఏమిటో నాకు తెలియదు. మొసలి నోట్లో చిక్కిన ఏనుగు కూడా నాకన్నా హాయిగా ఉండి ఉంటుంది. దాని మొర వినడానికి కనీసం స్వామి వచ్చాడు.

నా మొర విన్నది మాత్రం మా అత్తగారు. రాజమండ్రి నుంచి పది రోజులు ఉండి వెళదామని వచ్చారు. పిల్లలు ఆవిడ కొంగు పట్టుకుని వదలడం లేదు. నాకూ వసంతకూ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చింది. కానీ "పిల్లల్ని మీమీద వదిలేసి షికారుకు పోతాం" అని అత్తగారితో ఎలా అంటాం? సరిగ్గా అప్పుడే ఫిల్మ్‌నగర్ గుళ్ళో శాస్త్రిగారి పురాణ సప్తాహం అని బ్యానర్ కట్టారు.

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. చేసుకున్న పెళ్ళిని నిలబెట్టుకోవడానికి ఒకే ఒక్కటి ఆడితే తప్పా? మీరే చెప్పండి. వద్దులెండి, చెప్పకండి.

"గుళ్ళో ఏడు రోజులు పురాణం అత్తయ్యా. ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా."

"తప్పకుండా వెళ్ళిరండి బాబూ. పిల్లల సంగతి నేను చూసుకుంటాను. కాకపోతే వచ్చాక విన్నదంతా నాకూ చెప్పాలి సుమండీ. వినని వాళ్ళకి చెబితేనే విన్న పుణ్యం దక్కేది."

నాకు అదొక లెక్కా? మా తాతయ్య పురాణం చెప్పేవారు. ఆయన పక్కన కూర్చుని విసనకర్ర విసురుతూ పెరిగినవాణ్ణి. ఇప్పటికీ శనివారం భజన మానను. ఏ కథలో ఎక్కడ గొంతు వణకాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మొదటి రోజు కారు గుడి ముందు నెమ్మదైంది. లోపల మైకు మోగుతోంది. కిటికీలోంచే దణ్ణం పెట్టి, "రేపు వస్తాం స్వామీ" అన్నాను. కారు జూబ్లీహిల్స్ వైపు ఎక్కేసింది. అక్కడ ఒక రోడ్డు పక్క ఆపి, బజ్జీలు కొని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రెండు గంటలూ పండు బడి గురించీ, బుజ్జి దగ్గు గురించీ మాట్లాడుకున్నాం. రెండో రోజు వసంత సీటు వెనక్కి వాల్చి గంటన్నర గురక పెట్టి నిద్రపోయింది. నేను ఏసీ తిప్పుతూ చూస్తూ కూర్చున్నాను. నమ్ముతారో లేదో, అంత శృంగారభరితమైన సాయంత్రం మాకు ఐదేళ్ళలో లేదు.

ఇంటికి రాగానే నా పురాణం మొదలు. ఏనుగు కథ ఒకరోజు, పాలకడలి చిలికిన కథ ఒకరోజు. అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకుని వినేవారు. మా వాచ్‌మన్ భార్య యాదమ్మ కూడా వచ్చి గడప దగ్గర కూర్చునేది. రోజురోజుకీ నా అభినయం పెరిగిపోయింది.

మూడో రోజు బయలుదేరుతుంటే అత్తగారు ఒక పొట్లం చేతిలో పెట్టారు.

"మిరియాలూ పటికబెల్లం బాబూ. అన్ని గంటలు మాట్లాడే మనిషి, గొంతు పాడవుతుంది. శాస్త్రిగారి చేతికే ఇవ్వండి."

ఆ పొట్లం టోలిచౌకి దాకా వెళ్ళింది. అక్కడ చాయ్ తాగుతూ పటికబెల్లం మేమిద్దరం చప్పరించేశాం. మిరియాలు డాష్‌బోర్డులో పడేశాం.

"ఇచ్చారా?" అని అడిగారు అత్తగారు, నేను చెప్పులు విప్పకముందే.

"ఇవ్వకపోవడమేమిటి అత్తయ్యా! వేదిక మీదే నోట్లో వేసుకున్నారు. వేసుకోగానే గొంతు ఖంగుమంది!"

"ఖంగుమందా!"

"గుడి గంటలాగా."

"ఆహా," అన్నారు అత్తగారు. యాదమ్మ ఎందుకో చీర కొంగు నోట్లో కుక్కుకుంది. భక్తి పొంగుకొచ్చింది కాబోలు అనుకున్నాను.

ఐదో రోజు కారులో అడిగాను. "ఆర్నెల్లుగా ఒకటి చెప్పాలి, చెప్పాలి అంటున్నావు. ఏమిటది?"

వసంత, "చెబుతాను. కానీ ఇలా బజ్జీల నూనె చేతులతో కాదు. ఏడో రోజు పట్టుచీర కట్టుకుని, కొండమీద మంచి హోటల్లో కూర్చుని చెబుతా," అంది. అప్పటికప్పుడే ఫోన్‌లో టేబుల్ కూడా మాట్లాడేసింది. ఎల్లుండి సాయంత్రం ఏడింటికి, కిటికీ పక్కన.

ఆ ఆనందంలో ఆరో రోజు ఇంట్లోకి గాలిలో తేలుతూ వచ్చాను. హాలు నిండా జనం. అత్తగారు, పిల్లలు, యాదమ్మ, పై అంతస్తు వాళ్ళు. మూలన మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన ఎవరో స్టీలు గ్లాసులో పాలు తాగుతున్నారు. పై అంతస్తు వాళ్ళ తండ్రిగారై ఉంటారు. శ్రోతలు పెరిగితే కళాకారుడికి కావలసిందేముంది?

"అత్తయ్యా! ఇవాళ శాస్త్రిగారు చెలరేగిపోయారనుకోండి!"

"అలాగా బాబూ! ఎలా చెప్పారేంటి?"

భుజం మీద తువ్వాలు వేసుకున్నాను. గొంతు బొంగురు చేశాను. అటుకులు మూటగట్టుకుని చిన్ననాటి స్నేహితుడి ఇంటికి వెళ్ళిన పేదవాడి కథ ఎత్తుకున్నాను. శాస్త్రిగారు ఇలా దగ్గారు, ఇలా చెయ్యి ఊపారు, ఇక్కడ కళ్ళు తుడుచుకున్నారు అంటూ అన్నీ చేసి చూపించాను. వసంత వెనక నుంచి గిల్లింది. మెచ్చుకుంటోంది అనుకుని ఇంకాస్త పెద్దగా దగ్గాను. మళ్ళీ గిల్లింది, ఈసారి చర్మం ఊడేలా.

బుజ్జి నా పంట్లాం పట్టుకుని లాగింది. "నాన్నా, శాస్త్రి తాత అంటే ఆ తాతేనంట!"

మఫ్లర్ పెద్దాయన గ్లాసు కింద పెట్టారు. మా పండుగాడి పలక తీసుకుని, బలపంతో నిదానంగా రాసి నావైపు తిప్పారు.

"నేను ఇంత బాగా చెప్పానా?"

భూమి చీలి నన్ను లోపలికి తీసుకోలేదు. మాది మూడో అంతస్తు, తీసుకున్నా రెండో అంతస్తు వాళ్ళింట్లో పడేవాణ్ణి.

యాదమ్మ ఇక ఆపుకోలేకపోయింది. "ఏంది సారూ, గుళ్ళ మైకు రెండో దినం సందే బందున్నది గద! పంతులుకు గొంతు వోయింది. మా తమ్ముడు గాడ్నే పూలు గడ్తడు. నేను అమ్మగారికి గప్పుడే చెప్పిన."

శాస్త్రిగారు పలక తుడిచి మళ్ళీ రాశారు. "పటికబెల్లం తియ్యగా ఉందా?"

నేను కాళ్ళమీద పడ్డాను. ఆయన నన్ను లేపి, మూడోసారి రాశారు. "ఆగిన సప్తాహాన్ని అలాగే వదిలేయకూడదు. రేపు నువ్వు చెప్పి పూర్తి చెయ్యి. ఆరింటికి."

నేను వసంత వైపు చూశాను. వసంత ఫోన్ వైపు చూసింది. కిటికీ పక్క టేబుల్ కళ్ళముందే ఎవరిదో అయిపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను సరే, కడుక్కోవడానికి మాత్రం ఊరందరి ముందూ వేదిక ఎక్కాల్సి వచ్చింది.

ఏడో రోజు పంచె కట్టుకుని భయంభయంగా మైకు ముందు కూర్చున్నాను. ముందు వరసలో అత్తగారు, శాస్త్రిగారు. వాళ్ళ పక్కన హోటల్‌కని తీసిన పట్టుచీరలో వసంత, ఒళ్ళో ఇద్దరు పిల్లలు. స్వామిని తలుచుకుని మొదలుపెట్టాను. ఒక పది మాటల తర్వాత భయం పోయింది. అటుకుల మూట విప్పే ఘట్టం రాగానే మా పండు లేచి నిలబడి గట్టిగా అరిచాడు.

"నాన్నా, ఇక్కడే ఏడవాలి! ఇంట్లో ఏడ్చావుగా, ఏడువు!"

గుడంతా గొల్లున నవ్వింది. శాస్త్రిగారు గొంతు లేకుండానే నవ్వారు. వసంత మాత్రం గంటన్నరసేపు కన్నార్పకుండా నన్నే చూసింది.

అయ్యాక అత్తగారు పిల్లల్ని గంటలు చూపిస్తానని తీసుకుపోయారు. మేమిద్దరం మెట్లమీద కూర్చుని దొన్నెల్లో పులిహోర తింటున్నాం.

"ఏమండీ, మీకొకటి చెప్పాలి."

చుట్టూ చూశాను. ఎవరూ ఎక్కడినుంచీ పడలేదు.

"మీతో మాట్లాడుతుంటే నాకు బాగుంటుందండీ. అంతే. ఆర్నెల్లుగా అది చెబుదామనే."

పులిహోరలో వేరుశనగ గింజ ఏరి ఆమె దొన్నెలో వేశాను.

అత్తగారు వచ్చి పైమెట్టు మీద కూర్చున్నారు. సిగ్గుతో అడిగాను. "రెండో రోజే తెలిసింది కదా అత్తయ్యా, ఒక్క మాట అనలేదేం?"

"సినిమాకెళ్తామన్నా పంపేదాన్ని బాబూ. దేవుణ్ణి అడ్డం పెట్టుకోవడం ఎందుకు?"

"తప్పే. మరి అప్పుడే అడిగేయకపోయారా?"

"బలేవారే! అడిగితే కథలు ఆగిపోవూ?"

కాబట్టి ఆ మెట్లమీద, పులిహోర చేతితోనే ప్రతిజ్ఞ చేశాను. ఇకపై మా ఆవిడతో షికారు వెళ్ళాలంటే షికారనే చెప్పి వెళతాను. గుడి పేరు చెప్పి బజ్జీలు తినను. ఇతరుల పటికబెల్లం ముట్టను. మఫ్లర్ చుట్టుకున్నవాళ్ళు ఎవరో కనుక్కోకుండా నోరు విప్పను.

నా ప్రతిజ్ఞల సంగతి స్వామికి బాగా తెలుసు, అందుకే మీ సాయం కూడా అడుగుతున్నాను. మీరూ ఒక్కసారి చేతులు జోడించి నాతోపాటు అనండి. స్వామీ, పిల్లలున్న ప్రతి ఇంటికీ వారానికి రెండు గంటలు ఇవ్వు. ఆ రెండు గంటలు అడగడానికి మాకు ధైర్యం ఇవ్వు. అన్నీ తెలిసినా అడగని అత్తగారిని ఇవ్వు.