నాలుగోది వదిలి ఐదో రీలు

మొన్న రాజమండ్రి బస్సులో పక్క సీటు అమ్మాయి గోళ్ల రంగు తుడుచుకోవడానికి చిన్న సీసా మూత తీసింది. ఆ ఘాటైన వాసన ముక్కుకు తగలగానే అబ్బులు గుర్తుకొచ్చాడు. తెగిన ఫిల్మును అతికించే మందుది అచ్చం ఆ వాసనే. రామచంద్రపురంలో మా తాతగారు కట్టించిన సినిమా హాల్లో అబ్బులు ఆపరేటరు. నా కాలానికి హాలు పరులపాలైంది. అదే హాల్లో నేను జీతానికి మేనేజరుగా చేరాను. నాకు నమస్కారం పెట్టాలో వద్దో తెలియక గేటు దగ్గరివాళ్ళు చూపు తిప్పుకునేవారు. అబ్బులు మాత్రం మొదటి రోజే, "కింద కుర్చీలో కూర్చుంటే మీకేం తెలుస్తుందండి బాబుగారూ? పైకి రండి, మిషను నేర్పుతాను" అన్నాడు.

నేర్పాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి వినేవాణ్ణి. "మీ తాతగారికి కూడా నేనే చూపించానండి. ఆయన స్టూలు మీద కూర్చుని విన్నారు" అని స్టూలు నా వైపు జరిపేవాడు. నేను కూర్చోవడానికి నెల పట్టింది.

అబ్బులు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆడించిన ఒక ఇంగ్లీషు సినిమా అంటే అతనికి ప్రాణం. వేరే గ్రహం నుంచి ఒకడు పళ్ళెం లాంటి ఓడలో దిగుతాడు. మనుషులతో పడరాని పాట్లు పడి, చివరికి ఓడెక్కి వెళ్ళిపోతాడు. ఆ కథను అబ్బులు నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అదే సినిమాను ఇన్నేళ్లకు రంగుల్లో మళ్ళీ తీశారనీ, తెలుగులోకి డబ్బింగు చేశారనీ తెలిసినప్పుడు పోస్టరు ముందు నిలబడి, "ఈసారి కూడా ఎల్లిపోతాడంటారా?" అని అడిగాడు.

ప్రింటు ఒక్కటే, హాళ్ళు రెండు. ద్రాక్షారామంలో ఆట ముందు మొదలయ్యేది. అక్కడ ఆడిన రీళ్ళు మోపెడ్ మీద ఒక్కో పెట్టెగా మాకు వచ్చేవి. మొదటి రోజు మ్యాట్నీ సగంలో ఉండగా ఫోన్ వచ్చింది. మోపెడ్ దారిలో ఆగిపోయిందనీ, ఆఖరి పెట్టె దానిమీదే ఉందనీ కబురు.

"బాబుగారండి, మీరు సైకిలేసుకుని ఎల్లొచ్చెయ్యండి. నేను మిషను వదిలి రాలేను కదండీ" అన్నాడు అబ్బులు.

"మా ఇంట్లోవాళ్ళు బజార్లో పెట్టెలు మొయ్యలేదు అబ్బులూ. మిషను నేను చూస్తాను, నువ్వెళ్ళు."

అతను నా మొహం వంక ఓ క్షణం చూశాడు. ఇన్నేళ్లు ఎదురుచూసిన సినిమాను సగంలో వదిలి, తలకు తువ్వాలు చుట్టుకుని మెట్లు దిగాడు.

నేను నాలుగో రీలు వదిలేసి ఐదోది ఎక్కించాను. కొంతసేపు జనం సర్దుకున్నారు. "ఫ్లాష్‌బ్యాకేమోలేరా!" అన్న మాట కేబిన్ దాకా వినిపించింది. తప్పు తెలిసి నాలుగోది పెట్టేసరికి, అప్పటికే పాతిపెట్టిన మనిషి తెరమీద టీ తాగుతున్నాడు. కుర్చీలు విరిగినంత గోల. అబ్బులు చెమటలు కక్కుతూ పెట్టెతో రావడం, అతని వెనకే ఓనరు రావడం ఒకేసారి జరిగాయి.

"కళ్ళు పోయాయా అబ్బులూ? రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు ఓనరు, పెట్టె అందుకోవడానికి అబ్బులు కిందదాకా మాత్రమే దిగాడనుకుని.

అబ్బులు నావైపు చూశాడు. నేను చొక్కా చేతులు సర్దుకుంటున్నాను. అతను నా పేరు చెప్పలేదు. తన తప్పని కూడా ఒప్పుకోలేదు. పెట్టె కింద పెట్టి, ఆఖరి రీలు ఎక్కించి, అది తెరమీద పడకముందే వెళ్ళిపోయాడు.

ఓనరుతో నిజం చెప్పడానికి నాకు ఐదు రోజులు పట్టింది. "ఇప్పుడు చెప్పి ఏం లాభమండి? కొత్తవాణ్ణి పెట్టేశాను" అన్నాడాయన.

కడియంలో ఒక నర్సరీలో అబ్బులు మొక్కలకు నీళ్ళు పెడుతూ కనిపించాడు.

"తప్పు నాదని ఓనరుకి చెప్పాను."

"ఇన్నానండి. అప్పుడే చెప్పుంటే బాగుండేదండి." కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాడంతే. పైపు కట్టేసి గట్టు మీద చోటు చూపించాడు. "కూర్చోండి. ఇంతకీ ఎల్లిపోయాడా వాడు?"

మట్టిలోనే కూర్చున్నాను. "లేదు. ఓడ పాడైపోతుంది. ఇక్కడే ఉండిపోతాడు."

"మరేం చేస్తాడండి?"

"ఒక కొట్లో పనికి కుదురుతాడు."

అబ్బులు చాలాసేపు నవ్వాడు. "పాతదానికన్నా ఇదే బాగుందండి" అన్నాడు.

ఆ తర్వాత నేను తప్పులు చేయలేదని కాదు. ఇప్పుడు మరొకరి కింద మరొక కొలువు. తప్పు జరిగినప్పుడు నా వీపు ఇప్పటికీ ముందు బిగుసుకుంటుంది. ఎవరో ఒకరు నావైపు చూసేలోపే "నేనే" అంటాను. అలవాటైతే తేలికవుతుందనుకున్నాను. ఇన్నేళ్లయినా కాలేదు.