చెల్లని చిట్టీ: ఒకటి

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పెద్దదేమీ కాదు. నాలుగైదు మాటలు. మెట్ల మీద నిలబడి, కారు తాళాలు ఆడిస్తూ చెప్పేశాను. దాన్ని నేనొక్కణ్ణే మోస్తుంటే మీ దాకా వచ్చేవాణ్ణి కాదు. నాకంటే ఎక్కువగా ఇంకొకాయన మోస్తున్నాడు, అది అబద్ధమని తెలియక. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే నోరు పెగులుతోంది. దీన్ని ధైర్యం అనుకోకండి.

నేను ఆడిటర్ని. పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో లెక్కలూ రిజిస్టర్లూ తనిఖీ చేసేవాళ్ళందరికీ ఒక సంఘం ఉంది. నెలకోసారి మీటింగు. ఒకప్పుడు అది ఒక జిరాక్స్ షాపు పైన గదిలో జరిగేది. వచ్చినవాళ్ళు హాజరు పట్టీలో సంతకం పెట్టి, సమోసా తిని, ఉపన్యాసం మొదలవకముందే మెట్లు దిగిపోయేవారు. కొందరు రాని స్నేహితుడి సంతకం కూడా పెట్టేవారు. ఊరందరి తప్పులూ పట్టే మేము మా పట్టీలోనే దొంగ సంతకాలు పెట్టుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. కార్యక్రమాల బాధ్యత నా మీద పడగానే అంతా మార్చి పారేయాలనుకున్నాను.

మార్చాను కూడా. ఒక రసాయనాల కంపెనీ వెంట నెలరోజులు తిరిగి, వాళ్ళ శిక్షణ హాలు మధ్యాహ్న భోజనంతో సహా మాకిచ్చేలా ఒప్పించాను. ఆ కంపెనీ పేరు చెప్పను. ఉపన్యాసాలు తగ్గించి క్విజ్‌లు, కొత్త చట్టాల మీద చర్చలు పెట్టాను. ఏడాదికోసారి కుటుంబాలతో కలయిక అన్నాను. వీటన్నిటికంటే ముందు సభ్యులకు ఏం కావాలో వాళ్ళనే అడుగుదామనిపించింది. పాత గదిలో ఆఖరి మీటింగు రోజు తలా ఒక చిట్టీ పంచాను. పేరు రాయొద్దు, మీటింగులు ఎలా ఉండాలో మనసులో మాట రాయండి అన్నాను. మిఠాయి డబ్బా మూతకు సందు కోసి బల్ల మీద పెట్టాను.

మర్నాడు ఆదివారం. మా నాన్న పెద్ద ప్లాంటులో ఉద్యోగానికని గుంటూరు వైపు నుంచి వచ్చి పటేల్‌గూడలో కట్టుకున్న ఇంట్లో, భోజనాల బల్ల మీద చిట్టీలు పోసుకుని కూర్చున్నాను. కూరల్లో కారం తగ్గించమని కొందరు. పెందలాడే వదిలేయమని కొందరు. వక్త ముత్తంగి జంక్షన్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ శిక్ష మాకు వేయొద్దని ఒకరు. నవ్వుకుంటూ ఒక్కో కోరికకు ఒక్కో గీత గీస్తున్నాను. అంతలో ఒక పచ్చ ఇంకు చిట్టీ చేతికొచ్చింది.

మాలో ఒక అలవాటుంది. తనిఖీ చేసిన ప్రతి పద్దు పక్కనా టిక్కు పెడతాం. ఒకరి టిక్కు ఇంకొకరిది అనుకోకుండా ఒక్కొక్కరం ఒక్కో రంగు వాడతాం. పచ్చ రంగు నర్సింలుది. సంగారెడ్డి అవతలి ఊళ్ళో తాతల నాటి పొలమున్న కుటుంబం. ఆ ఇంట్లో పెన్ను పట్టి బతికిన మొదటివాడు. పదేళ్ళుగా నన్ను అన్నా అని పిలిచేవాడు. ఆ రోజు జేబులో ఇంకో పెన్ను లేదేమో, పేరు రాయొద్దన్న చిట్టీని ఆ పెన్నుతోనే రాశాడు.

మీటింగు చివర అరగంట తలుపులు వేసుకుని, కంపెనీల పేర్లు చెప్పకుండా, ఏదీ రాసుకోకుండా, మనలో మనం మాట్లాడుకునే వీలు పెట్టమని అడిగాడు. ఎందుకో కూడా రాశాడు. తను చూసే ఒక కంపెనీ షెడ్డులో గ్యాస్ లీకైతే మోగాల్సిన అలారాలను నెలనెలా పరీక్షించినట్టు సర్టిఫికెట్లు ఉన్నాయి. పరీక్షించే మనిషి మాత్రం ఏడాదిగా ఒక్కసారీ గేటు లోపలికి వచ్చినట్టు గేటు రిజిస్టర్‌లో లేదు. అడిగితే అది నీ పని కాదన్నారు. రిపోర్టులో రాస్తే తీసేయించారు. ఇలాంటిది ఎవరికి చెప్పాలి? మీలో ఎవరికైనా ఎదురైందా? అంతే చిట్టీ.

నర్సింలు చూసే రసాయనాల కంపెనీ ఒక్కటే. మాకు హాలిచ్చింది అదే.

ఆ నిమిషంలో నాకు ఏమనిపించింది? ఇన్నేళ్ళలో రకరకాలుగా చెప్పుకుని చూశాను. అదెంత ప్రమాదమో అర్థం కాలేదని చెప్పుకున్నాను. ఒట్టిమాట. సర్టిఫికెట్ ఉండి గేటు రిజిస్టర్‌లో మనిషి లేకపోతే దానర్థమేమిటో కొత్తవాళ్ళకు పాఠాలు చెప్పినవాణ్ణి నేను. మరి భయపడ్డానా? అదీ కాదు. నాకు కోపం వచ్చింది. నర్సింలు మీద. ఇంత తిరిగి ఒక హాలు సంపాదించి, వచ్చే నెల మొదటి మీటింగు పెట్టుకుంటే, ఇప్పుడే రాయాలా ఇది? సంఘం కమిటీలో చదివితే ఆ మాట కంపెనీకి చేరుతుంది, హాలు పోతుంది, నేను నవ్వులపాలవుతాను. ఒక షెడ్డులో పనిచేసే మనుషుల ప్రాణాల గురించి చదువుతూ నేను ఆలోచించింది ఇదీ.

మళ్ళీ ఒకసారి చదివి మడత పెట్టాను. కమిటీకి ఇచ్చే పట్టికలో భోజనాలు, సమయాలు, చర్చల విషయాలు అన్నీ వేసి, చివర్లో 'చెల్లని చిట్టీ: ఒకటి' అని రాశాను. ఎందుకు చెల్లలేదని ఎవరూ అడగలేదు.

కొత్త హాల్లో మొదటి మీటింగు బ్రహ్మాండంగా జరిగిందన్నారు. భోజనాల దగ్గర కంపెనీ మేనేజరు నా భుజం మీద చెయ్యేసి మాట్లాడాడు. కిటికీ అవతల షెడ్డు గోడకు అలారం పెట్టెలు వరసగా కనిపించాయి. ఒక్కదానిలోనూ దీపం వెలగడం లేదు. ఎండలో కనబడదులే అనుకుని పెరుగన్నం తిన్నాను. నర్సింలు వెనక వరసలో ఉన్నాడు. అందరూ లేచాక కూడా, ఇంకా ఏదో ఉందన్నట్టు, కాసేపు కూర్చునే ఉన్నాడు. రెండో మీటింగుకూ అలాగే కూర్చున్నాడు. మూడోదానికీ.

నాలుగోది జరగాల్సిన వారంలో, మధ్యాహ్నం షిఫ్టులో, ఆ షెడ్డులో గ్యాస్ లీకైంది. అలారం మోగలేదు. ఇద్దరు పోయారు. ఒకాయన ఒడిశా నుంచి వచ్చినవాడు. ఇంకొకాయనది నర్సింలు వాళ్ళ పక్క ఊరే, పొలం అమ్ముకుని వచ్చి ఆపరేటరుగా చేరాడు.

సంఘం గ్రూపులో సంతాపం రాసింది నేనే. పాత గదిలో మీటింగు పెట్టి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడమన్నదీ నేనే. అయ్యాక మెట్లు దిగుతుంటే నర్సింలు ఆపాడు.

"అన్నా, గా చిట్టీలు అన్నీ సదివినవా?"

"చదివాను. కాకపోతే కొన్ని వానకి తడిసిపోయాయి నర్సింలూ. అక్షరాలు కనబడలేదు."

చిట్టీలు రాయించిన రోజు గానీ, మర్నాడు గానీ చినుకు కూడా పడలేదు. సర్టిఫికెట్‌ను గేటు రిజిస్టర్‌తో పోల్చి చూసినవాడు నా మాటను దేనితోనూ పోల్చి చూడలేదు. నమ్మేశాడు.

"గట్లనా," అన్నాడు. గోడకు ఆనుకున్నాడు. "తప్పు నాదే అన్నా. నోటితోని చెప్పాలె గని, చిట్టీ రాసి చేతులు దులుపుకుంటరా ఎవలన్న? నేను గట్టిగ అడిగుంటే గా ఇద్దరు బతికేటోళ్ళు గద."

"నీ తప్పేం లేదులే," అని ఓదార్చాను. అవును, నేనే ఓదార్చాను.

విచారణలో కంపెనీవాళ్ళు, మా ఆడిటర్ ఒక్క మాట రాయలేదన్నారు. రిపోర్టులో నిజంగానే లేదు. నర్సింలు నీళ్ళు నమల్లేదు, ఎవరినీ అనలేదు, తలూపాడట. ఆయన అడిగాడని చూపించే ఒకే ఒక్క కాగితం అప్పటికి నా అలమరలో ఉంది. ఎవరికీ ఇవ్వలేదు. విచారణ ముగిశాక ముక్కలు చేసి పారేశాను. ఏ కాగితమూ చింపకూడని వృత్తి మాది. మిగతా ఫ్యాక్టరీలు కూడా ఆయన్ను పిలవడం మానేశాయి. ఇప్పుడు ఊళ్ళో ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నాడు.

మా సంఘం బాగుంది. పక్క జిల్లాలవాళ్ళు వచ్చి మా పద్ధతులు రాసుకుని పోతున్నారు. ఏటా చిట్టీలు పంచుతున్నాం. విప్పేటప్పుడు ముందు ఇంకు రంగు చూస్తాను. ఆ తర్వాత ఎవరూ అలాంటిది రాయలేదు. ఎక్కడా ఏ తప్పూ లేదా? లేక రాసి లాభం లేదని అందరికీ తెలిసిపోయిందా? అలారం పెట్టెలు కనిపిస్తే ఇప్పటికీ నా చూపు దీపాల మీదికే పోతుంది.

పోయిన నెల పటాన్‌చెరు మార్కెట్‌లో నర్సింలు భార్య కనిపించింది. ఆయన ఆ పక్క ఊరి దారిలో వెళ్ళడం మానేశాడట. ఎంత పనున్నా చుట్టు తిరిగే పోతాడట, పోయిన ఆపరేటరు ఇంటివాళ్ళకు మొహం చూపించలేక. ఆ చుట్టు తిరగాల్సింది నేను. ఆమెతో అక్కడే చెప్పేయాలనుకున్నాను. బెండకాయల గురించి ఏదో మాట్లాడి వచ్చేశాను.

రాసిన ఈ కాగితం తీసుకెళ్ళి నర్సింలు చేతిలో పెడతానా? పెడతానని మాటివ్వను, నా మాట ఎలాంటిదో మీరు చూశారు. రాస్తుంటే మాత్రం ఊపిరి ఆడుతోంది. ఊపిరి ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది. అయినా ఉన్నదున్నట్టు ఎక్కడో ఒకచోట ఉండాలి.

నర్సింలూ, నువ్వు చెప్పావు. నేను విన్నాను.