మా కూలర్లో చెట్టుకప్పల కాపురం

ఇంటర్ పరీక్షలు అయిపోయి, ఫలితాలు ఇంకా రాని ఆ నడిమి రోజుల్లో ఉండే తీరిక మనిషికి మళ్లీ ఈ జన్మలో దొరకదు. చదువుకొమ్మని అనేవాళ్లుండరు. పని చెప్పబోయిన అవ్వ కూడా "పోనీ తీ, మొన్నటిదాక చదివి చదివి సన్నబడ్డది" అని తనే ఊరుకుంటుంది (నేనేమీ సన్నబడలేదు, కానీ ఆ మాటను ఖండించనూ లేదు). అంత తీరికలో ఆడపిల్లలు ప్రేమలో పడతారని నన్ను కన్న మా అవ్వకు లోపల్లోపల భయం ఉండేది. నేను కప్పల్లో పడ్డాను.

అప్పుడు మేం నస్పూర్‌లో బొగ్గుబావి కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. బాపు బావిలో ఫిట్టరు. మోటారు శబ్దం ఒక్కసారి చెవిన పడితే దాని రోగమేమిటో చెప్పేస్తాడని పేరు. ఆ పేరంటే ఆయనకు చాలా ఇష్టం, పైకి మాత్రం అనడు. ఆ ఎండాకాలం ఆయనకు ఎక్కువగా రాత్రి షిఫ్టే పడింది. పొద్దున వచ్చి, స్నానం చేసి, ఇంత తిని కూలర్ ముందు చాప వేసుకుని పడుకునేవాడు. మా వైపు ఎండలు తెలిసినవాళ్లకు ఆ కూలర్ మా ఇంట్లో ఎంత గొప్పదో చెప్పక్కర్లేదు. దేవుడి పటాల తర్వాత అదే.

ఒక పొద్దున బాత్రూములో బకెట్ వెనక గోడకు అతుక్కుని ఒక కప్ప కనబడింది. బురదలో ఎగిరే మామూలు కప్ప కాదు. సన్నగా, లేత గోధుమరంగులో, పొడుగు కాళ్లతో, వేళ్ల చివర అంగీ గుండీల్లాంటి గుండ్రటి మెత్తలతో ఎంతో నాజూకుగా ఉంది. అవ్వ చీపురు తెచ్చేలోపు నేను అడ్డం నిలబడ్డాను.

"అవ్వా, ఇది చెట్టుకప్ప. బయట దేశాలల్ల అద్దాల పెట్టెల పెట్టి సాదుతరు. టీవీల చూసిన."

"సాదుతె కోడిని సాదరాదె, గుడ్డన్న పెడ్తది," అంది అవ్వ.

అద్దాల పెట్టె మనకెక్కడిది? పాత బియ్యం డబ్బా మూతకు మేకుతో బెజ్జాలు పెట్టి, లోపల ఒక జామకొమ్మ నిలబెట్టి, కప్పను దింపాను. ఇక తిండి. అన్నం పెట్టాను, ముట్టలేదు. ఉడికిన గుడ్డు పెట్టాను, దాని మీద కాలు వేసి అవతలికి వెళ్లింది. కదిలేదాన్నే తింటుందని టీవీలో ఎవరో చెప్పగా విని, మెతుకుకు దారం కట్టి దాని ముందు ఆడించాను. అది నా వైపు చూసి మెల్లగా కళ్లు మూసుకుంది. మా లెక్కల సారు తర్వాత నన్ను అలా చూసింది ఆ కప్పే.

కదిలే తిండి అంటే బొద్దింకలే అనిపించి పక్క క్వార్టర్ ఖాలా దగ్గరికి పరిగెత్తాను. ఖాలా అంటే మాకు సొంత చిన్నమ్మ కంటే ఎక్కువ. ఆమె వండిన సేమియా మా ఇంటికి రాని పండుగ లేదు. అంత చనువుతో గడపలో నిలబడి, "ఖాలా, మీ ఇంట్ల బొద్దింకలుంటయి గదా, రెండు పట్టుకపోతా?" అన్నాను. వంటింట్లో ఎవరో చుట్టాలున్నారని నాకేం తెలుసు?

"మా ఇంట్ల బొద్దింకలున్నయని నీకెవలు చెప్పిండ్రు బేటీ?" అంది ఖాలా, చాలా నెమ్మదిగా. ఆ నెమ్మదితనానికి నేను వచ్చిన దారినే వెనక్కి తిరిగాను. ఆ తర్వాత రెండు రోజులు ఖాలా అవ్వతో ముక్తసరిగా మాట్లాడింది. చివరికి ఒక సాయంత్రం తనే వచ్చి కొంగు చాటు నుంచి అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టింది. లోపల గరగరమని శబ్దం. "మా ఇంట్లయి కావు, బయట దొరికినయి. జర ఎవలకు చెప్పకు," అంది.

ఆ అగ్గిపెట్టెతో సంబరంగా డబ్బా తెరిస్తే కప్ప లేదు. మూత సరిగా పెట్టలేదు. ఇల్లంతా వెతికాను, మంచాల కింద పాకాను, ఏడ్చాను. మర్నాడు పగలు చాప మీద పడుకున్న బాపు పిలిచాడు. "బిడ్డా, గీ కూలర్ గడ్డిల ఎవలో నీ చుట్టాలున్నరు సూడు."

చుట్టాలే. నా కప్ప తడిగడ్డిలో కాళ్లు ముడుచుకుని హాయిగా కూర్చుంది, దాని పక్కన కాస్త పెద్దది ఇంకొకటి. చల్లదనం ఉంది, తడి ఉంది, దీపానికి వచ్చే పురుగులున్నాయి. నేను బియ్యం డబ్బాలో కల్పించలేని స్వర్గాన్ని అవి తమంతట తామే వెతుక్కున్నాయి. కానీ లోపల ఫ్యాను తిరుగుతుంటుంది. రెక్కల్లో పడితే ఏమవుతుందో తలుచుకుని నేను గబగబా స్విచ్ ఆపేశాను.

ఆ పగలంతా బాపు తడి తువ్వాలు ఛాతీ మీద వేసుకుని అటూ ఇటూ దొర్లాడు. సాయంత్రం అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగానే అడిగింది. "మీ బాపుకు పగటి నిద్ర లేకపోతె బాయిల కునుకు పడ్తది. ఆడ కునుకు పడుడంటె ఏందో నీకెర్కలేదా?"

ఎరుకే. క్వార్టర్లలో పుట్టినవాళ్లకు అది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. రెండు కప్పలనూ తీసి వెనకాల జామచెట్టు మీద వదిలి వచ్చాను. అవ్వ కూడా కొంచెం నొచ్చుకున్నట్టే కనిపించింది, ఆ పూట నాకు పెరుగు ఎక్కువ వేసింది. పొద్దున లేచి చూస్తే రెండూ మళ్లీ కూలర్ గడ్డిలోనే ఉన్నాయి. షిఫ్టు దిగి వచ్చిన బాపు వాటిని చూశాడు, నన్ను చూశాడు. టిఫిన్ గిన్నె పక్కన పెట్టి, దోమల జాలీ ముక్క కత్తిరించి, ఫ్యాను చుట్టూ తీగతో బిగించాడు. గాలి సగానికి సగం తగ్గింది. "వస్తది తియ్ గాలి, గంతల గంత," అని అటు తిరిగి పడుకున్నాడు.

మొదటి వాన పడిన రోజు కూలర్ లోంచి టక్, టక్, టకటక అని శబ్దం మొదలైంది. బాపు లేచి కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. "బేరింగ్ పోయింది," అని తేల్చాడు. మోటారు విప్పి, బజారుకు పోయి కొత్త బేరింగ్ తెచ్చి వేశాడు. శబ్దం తగ్గలేదు. గ్రీజు పూశాడు. తగ్గలేదు. చివరికి అవ్వ ప్లగ్గు పీకి చేతిలో పట్టుకుని నిలబడింది. కరెంటు లేని కూలర్ టక్ టక్ అంటూనే ఉంది.

"గిది ఏం మోటరయ్యా, కరెంటు లేకున్న నడుస్తంది?" అంది అవ్వ.

బాపు కూలర్ పక్క తలుపు తీశాడు. మగకప్ప గొంతు బుడగలా ఉబ్బించి పాడుతోంది. ఆయన తలుపు మెల్లగా మూసి, "బాయిల ఎవలకు చెప్పకుండ్రి," అన్నాడు. (చెప్పింది ఖాలా. అగ్గిపెట్టె సంగతి నేను అవ్వతో అన్నందుకు అలా చెల్లుకు చెల్లు చేసింది.)

ఒకట్రెండు రోజుల్లో గడ్డికి తెల్లటి నురుగు ముద్ద అంటుకుని కనిపించింది. సబ్బు నురుగనుకుని అవ్వ తుడవబోయింది. అది కప్పల గూడని నేను ఆపాను. ఆ తర్వాత నురుగులోంచి తోకకప్పలు ఒక్కొక్కటే కింద నీళ్ల తొట్టిలోకి జారిపడ్డాయి. పంపు వాటిని లాగేస్తుందని నేను బెంగపడితే, అవ్వ పాత నూలుచీర చింపి బాపు పంపుకు చుట్టాడు. నల్లా నీళ్లలో బ్లీచింగు వాసన ఉంటుందని వాననీళ్లు పట్టి పోశాడు. మార్కెట్ నుంచి వస్తే సంచిలో పాలకూర తప్పక ఉండేది. "ఇంట్ల మనుషులు తింటరని తెచ్చినవా, వాటికా?" అని అవ్వ అడిగితే, "మిగిలితె మనం తిందం," అనేవాడు. ఉడికించి, మెత్తగా నలిపి తొట్టిలో వేసేది మాత్రం అవ్వే.

వానలు ముదిరాయి. అందరి కూలర్లూ అటకెక్కినా మాది కిటికీలోనే ఉండిపోయింది. తోకకప్పలకు కాళ్లు వచ్చాయి. గోరంత కప్పపిల్లలు ఇంకా చిన్న తోకలు ఉండగానే తడిగోడ పట్టుకుని పైకి పాకేవి, ఒకరోజు ఆగి వెళ్లిపోయేవి. పెద్ద రెండూ ఎప్పుడు వెళ్లాయో ఎవరం చూడలేదు. ఇంతలో నాకు కరీంనగర్‌లో డిగ్రీ సీటు వచ్చింది, హాస్టలు కుదిరింది. నేను బయల్దేరే పొద్దున చివరి పిల్ల కూడా కిటికీ చువ్వ మీంచి జామచెట్టు వైపు ఎగిరింది.

మంచిర్యాల బస్టాండులో బస్సెక్కి కూర్చోగానే నాకు ఏడుపు ఆగలేదు. కింద అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. పక్క సీటు పెద్దావిడ నా వీపు నిమిరి, "తల్లిని ఇడిసి పోవుడంటె మాటలా బిడ్డా," అంది. నేను ఏడుస్తున్నది కప్పల కోసమని చెబితే బాగుండదని ఊరుకున్నాను. తర్వాత ఎన్నో ఏళ్లు ప్రతి పెళ్లిలోనూ అవ్వ చుట్టాలకు చెప్పుకునేది, తన బిడ్డ తనను విడిచి ఉండలేక బస్సు బస్సంతా చూసేలా ఏడ్చిందని. బాపు మాత్రం బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికొచ్చి, అవ్వకు వినపడకుండా, "ఫికర్ చెయ్యకు. వానలు మంచిగున్నయి, బతుకుతయి," అన్నాడు.

ఆయన అంత సరిగ్గా కనిపెట్టాడని నేను చాలా కాలం మురిసిపోయాను. ఇప్పుడు నా బిడ్డ హాస్టలుకు పోయే ఈడుకొచ్చాక, ఆ రోజు ఏడ్చింది నిజంగా కప్పల కోసమేనా అని నాకే అనుమానం వస్తోంది.