ఆస్పత్రికి ఎదురుగా

షాపు బోర్డుల మీద ‘ఆపోజిట్’ అనే మాట చూస్తే నాకిప్పటికీ టెక్కలి గుర్తొస్తుంది.

నేను ఆరో తరగతిలో ఉండగా, అమ్మను ఆయా ఉద్యోగం ఇంటర్వ్యూకి రమ్మని ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. ఆఫీసు ఆస్పత్రికి ‘ఆపోజిట్’ అని ఉంది. ఎదురుగా అని చదివి చెప్పాను. ‘ఇన్ ఫ్రంట్ ఆఫ్’ అన్నా ఎదురుగానే అని మా బళ్లో చెప్పారు కాబట్టి, రెండూ ఒకటే అనుకున్నాను. ఉద్దానంలోని మా ఊరి నుంచి మొదటి బస్సుకే టెక్కలి వెళ్లినా, అందుకే ఆస్పత్రి గేటు ముందే చాలాసేపు నిలబడ్డాం.

చివరికి వాచ్‌మన్, “ఆఫీసు రోడ్డుకి అటేపమ్మా. ఇంటర్వ్యూలు అయిపోనాయి,” అన్నాడు.

“ఇదీ ఎదురే కదమ్మా?” అన్నాను అయోమయంగా.

ఇంటికొచ్చాక నాన్న అడిగితే, “బస్సు లేటయిపోనాది,” అంది.

“బస్సు బేగీనే వచ్చింది కదే!” అన్నాను.

ఆ అబద్ధం నా కోసమేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.