పసుపు రంగు వేసిన గోడ

న్యూజిలాండ్‌లో, ఆల్బనీలోని మా ఆఫీసులో నా పని, పాత కట్టడాల కొలతలను బట్టి కంప్యూటర్లో నమూనాలు తయారుచేయడం. ఆ జూన్‌లో నా చేతిలో ఉన్నది ఇంగ్లండ్‌లోని ఒక మధ్యయుగపు బెనెడిక్టైన్ క్రైస్తవ మఠం. మొదట అందులో సన్యాసులు ఉన్నారు. రాజు మఠాలను మూయించాక ఒక రైతు దాన్ని కొని గడ్డి నింపాడు. ఆ తర్వాత బడి నడిచింది. ఇప్పుడు పెళ్లిళ్ల హాలు చేస్తున్నారు. నమూనాలో సన్యాసుల గోడలకు ఎరుపు, రైతు గోడలకు పసుపు, బడి గోడలకు నీలం వేశాను. ఎరుపును తాకకూడదు. మిగతావి అవసరమైతే పడగొట్టవచ్చు.

పలచటి గోడ తర్వాతి కాలానిదే అని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. పని చకచకా సాగింది.

బుధవారం సాయంత్రం నాలుగింటికి ఫొటోలు సర్దుతుంటే, ఒక పసుపు గోడలో కమానున్న గూడు కనిపించింది. భోజనానికి ముందు సన్యాసులు చేతులు కడుక్కునే చోటు అది. కమాను రాళ్ల ముందు అంచులు చెక్కేసి ఉన్నాయి. బండి తిప్పుకోవడానికి రైతే చెక్కించి ఉంటాడు. గోడ కొత్తది కాదు, పలచబడిన పాతది. పెళ్లి హాలు వంటగదికి తలుపు పెట్టడానికి గోడ కోయబోతున్నది సరిగ్గా అక్కడే. మర్నాడు కాదు, ఆ రోజే, అక్కడి ఉదయం ఎనిమిదికి. అంటే మాకు సాయంత్రం ఏడు.

పక్క సీటులోని కరీంనగర్ అన్నకు చూపించాను.

"నీ వీసా లెటర్ మీద బాస్ ఇంకా సైన్ చెయ్యలే. యాదికుందా?"

"గోడ పోతుంది కదన్నా."

"ఆ సన్యాసులొచ్చి కంప్లైంట్ ఇస్తరా ఏంది?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. కుర్చీ ఇటు లాక్కున్నాడు. "సరే, ఫోన్ కొట్టు. స్పీకర్ల పెట్టు."

తప్పు నాదేనని, గోడ కోయొద్దని అక్కడి కాంట్రాక్టర్‌కు మెయిల్ రాసి, బాస్‌ను కూడా చేర్చి పంపాను. జవాబు లేదు. ఆరింటికి, ఆరున్నరకు, ఏడుకు ఐదు నిమిషాల ముందు ఫోన్ చేస్తే అక్కడ మోగి మోగి ఆగిపోయింది. ఏడూ పదికి అక్కడి మేస్త్రీ ఎత్తాడు. వెనక రంపం చప్పుడు.

"కోయొద్దు! అది పాత గోడ!" అని రెండుసార్లు అరిచాను. చప్పుడు ఆగింది.

"రెండు రాళ్లు తీసేశాం. గూడు పక్కవి. మళ్లీ పెట్టేస్తాంలే," అన్నాడతను.

"ఆగండి. ముందు నంబర్లు వేయండి. ఏది పైది, ఏది కిందిది?"

అతను పక్కనున్న మనిషిని అడిగాడు. అతనికీ తెలియదు.